విశాఖ వంటింట్లో ఆవ ఘాటు, బెల్లం తీపి

గురువారం

విశాఖపట్నం వెళ్ళొచ్చిన మా చుట్టాల్లో ఎవరిని అడిగినా ఒకే వరసలో చెబుతారు: ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, వీలైతే అరకు. తిండి సంగతి అడిగితే బిర్యానీ బాగుందంటారు. బిర్యానీ మా కడపలోనూ దొరుకుతుంది. ఉత్తరాంధ్ర ఇళ్ళలో వండుకునే ఆవ పెట్టిన కూర, బెల్లం పులుసు, నెత్తళ్ళ వేపుడు తిన్నారా అంటే మాత్రం ఎవరూ తిననే లేదు. నాకూ మా అక్కకూ ఇది ఎప్పటినుంచో మనసులో ఉంది. అందుకే ఈసారి చూడాల్సిన చోట్ల లిస్టు పక్కన పెట్టి, విశాఖలో ఒక ఇంట్లో వంట నేర్చుకుందామనే బయల్దేరాం.

మాకు నేర్పేది రిటైరైన స్కూల్ టీచర్. పెద వాల్తేరులో సొంతిల్లు. అక్క ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి ద్వారా తెలిశారు. వారంలో కొన్ని రోజులు, నలుగురికి మించకుండా ఇంట్లోనే నేర్పుతారు. ఫోన్లో మొదటిసారి మాట్లాడినప్పుడే "పిన్నిగారూ" అని నోట్లోంచి వచ్చేసింది, ఆ పిలుపే ఖాయమైంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: "బజారుకి కూడా నాతో రావాలమ్మా. తరిగి పెట్టిన ముక్కల్తో నేను నేర్పను." ఆ మాటతోనే మాకు నమ్మకం కుదిరింది.

కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎక్కడా మారే పనిలేకుండా విశాఖలో దిగొచ్చు. అనకాపల్లి దాటేటప్పుడు అక్క ఫోన్లో ఏదో చదువుతూ, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటని చెప్పింది. మాకు బెల్లమంటే పండగ పూట ఓళిగల్లో పడేది. ఇక్కడ పులుసులోకీ పప్పులోకీ రోజూ వాడతారంటే, పక్కనే ఇంత పెద్ద మార్కెట్ ఉండడం చూశాక సహజమే అనిపించింది.

ఆసీల్‌మెట్ట దగ్గర గదిలో సామాన్లు పెట్టి సాయంత్రం బీచ్ రోడ్డుకి నడిచాం. సముద్రం ఎంతసేపు చూసినా తనివి తీరదు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పాల్సింది ముంత మసాలా గురించి. మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, వేయించిన పల్లీలు, కారం, నిమ్మరసం అన్నీ ముంతలో వేసి గరిటెతో టకటకా కలిపి కాగితం పొట్లంలో పోసిస్తారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే మరమరాలు మెత్తబడతాయి, అక్కడే నిలబడి తినెయ్యాలి. కైలాసగిరికి రేపు పోదామా అని అక్క అడిగింది. రేపు తెల్లవారుజామున లేవాలి, పడుకుందాం పద అన్నాను.

శుక్రవారం

ఇంకా చీకటిగానే ఉంది. పిన్నిగారు చేతిలో రెండు సంచులతో గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆవిడతో పాటు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్ర జంట కూడా క్లాసుకి చేరారు. అందరం ఆటోల్లో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం.

హార్బర్ ముందు వాసనగా తెలుస్తుంది, తర్వాత మోతగా తెలుస్తుంది. ఒడ్డుకి చేరిన బోట్ల లోంచి గంపలు దిగుతున్నాయి. ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు ఒకపక్క, వేలం పాట కేకలు ఇంకోపక్క. కుప్పలు కుప్పలుగా చేపలు నేల మీద పోసి పాట పెడుతున్నారు. పాడేవాళ్ళ వేగం మాకు అందలేదు గానీ, అక్కడున్న ఆడవాళ్ళు ఒక్క చూపుతో కుప్ప ఎంత పలుకుతుందో తేల్చేస్తున్నారు. పాడుకున్న సరుకు గంపలకెత్తి, కొందరు అక్కడే కూర్చుని అమ్ముతారు, కొందరు ఊళ్ళోకి పోతారు. 2023 నవంబరులో ఇదే హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి ఒక్క రాత్రిలో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని ఇళ్ళు బతుకుతాయో ఈ గంపల వరస చూస్తేనే అర్థమవుతుంది.

మేం వెళ్ళింది కార్తీకం ముగిసి పోలి పాడ్యమి దాటిన రోజుల్లో. నెలంతా నీచు ముట్టని ఇళ్ళవాళ్ళందరూ ఇప్పుడు చేపలకి బయల్దేరారు. అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు, ధరలూ అలాగే ఉన్నాయి.

"ఏటి కావాలమ్మా? కోనాం ఉంది, చందువా ఉంది, ఇలా సూడు" అని ఒకావిడ పిలిచింది. పిన్నిగారు బేరం మొదలుపెట్టకుండా మా చేత చేపను పట్టించారు. మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందో లేదో చూడమన్నారు. గోధుమ రంగుకి తిరిగితే వద్దు. కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉండాలి, లోపలికి పోయి మసకబారకూడదు. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పూడిపోవాలి. మూడూ సరిపోయాకే ధర అడిగారు. అమ్మే ఆవిడకి ఇదేమీ కోపం తెప్పించలేదు, పైగా "బాగా నేర్పండి, కుర్రోళ్ళు రంగు చూసి కొనేత్తారు" అంది. కోనాం ముక్కలు కొట్టించాం, నెత్తళ్ళు విడిగా తీసుకున్నాం.

ఇంటికొచ్చాక మొదటి పని నెత్తళ్ళు బాగుచెయ్యడం. వేలెడంత కూడా ఉండవు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య తల పట్టుకుని, చిన్నగా గిల్లి కిందికి లాగాలి. తలతో పాటే పేగు మొత్తం ఒక్క పోగులా వచ్చేస్తుంది. కత్తితో పనే లేదు. ఆ లాగడంలో బలం ఎక్కువైతే పొట్ట చీలుతుంది, తక్కువైతే తల ఒక్కటే వస్తుంది. పిన్నిగారి వేళ్ళు మాతో మాట్లాడుతూనే వాటి పని అవి చేసుకుపోయాయి. మాకు చాలాసేపు పట్టింది, కానీ గిన్నె సగం నిండేసరికి చెయ్యి దారిలో పడింది. తర్వాత రాళ్ళ ఉప్పు వేసి రుద్ది, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాం. పసుపు, కారం, కొంచెం బియ్యప్పిండి పట్టించి వేయిస్తే ముల్లుతో సహా కరకరలాడతాయి.

కోనాం పులుసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ముక్కలకి ఉప్పు, పసుపు రాసి పక్కన పెట్టారు. వెడల్పాటి మట్టి చట్టిలో నూనె కాగాక మెంతులు, అవి రంగు మారగానే కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, ఆ తర్వాత ఉల్లిపాయ ముద్ద. పచ్చివాసన పూర్తిగా పోయి నూనె అంచుల్లో కనబడేదాకా ముద్దను కదపకుండా వదల్లేదు. కారం, ధనియాల పొడి వేసి చింతపండు రసం పోశారు. ఇక్కడ చాలామంది తొందరపడి ముక్కలు వేసేస్తారట. పులుసు ముందు బాగా మరిగి చిక్కబడాలి, ఎందుకంటే ముక్క పడ్డాక దాన్ని ఎక్కువసేపు ఉడికించే వీల్లేదు. ముక్కలు వేశాక గరిటె దూరంగా పెట్టించారు. రెండు చేతులా గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని మెల్లిగా తిప్పడమే. చివర్లో జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి మూత పెట్టారు.

"ఇప్పుడు రుచి చూడండి, ఎల్లుండి మళ్ళీ చూడండి" అని సగం పులుసు తీసి దాచారు. మధ్యాహ్నం వేడి అన్నంలో నెత్తళ్ళు నంజుకుంటూ తిన్నాం. మా వైపు చేపల పులుసంటే చెరువు చేప, కారం ముందు, పులుపు వెనక. ఇక్కడ కారం తగ్గి, చేప రుచి పైకి తేలింది. అలా తేలాలంటే ముందు తాజా చేప కావాలి. హార్బర్ పావుగంట దూరంలో ఉండబట్టే ఇలా వండుకుంటున్నారు.

శనివారం

ఇంట్లో శనివారం నీచు వండరు. మేం వచ్చిన అసలు పని కూడా ఈ రోజుదే.

పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాం. పాత ఊళ్ళో ఇరుకు సందులు, ఒక వరస కూరగాయలు, ఒక వరస కిరాణా హోల్‌సేల్ కొట్లు. కంద కొనేటప్పుడు పిన్నిగారు కోసి ఉన్న ముఖం చూశారు. లోపల లేత గులాబీ తిరిగిన తెలుపు ఉండాలి, నార పీచులు కనబడకూడదు. తీగ బచ్చలి, మంచి గుమ్మడి, చిలగడదుంపలు, ములక్కాడలు, నల్ల ఆవాలు, అనకాపల్లి బెల్లం తీసుకున్నాం. బెల్లం మరీ పచ్చగా తళతళలాడేది వద్దని, ముదురు రంగుది ఎంచారు.

కంద తరిగే ముందు చేతులకి నూనె రాసుకోమన్నారు. కందలో ఉండే సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు చర్మానికి గుచ్చుకోవడం వల్లే దురద. చింతపండు వేసి మెత్తగా ఉడికిస్తే ఆ దురద నాలుకకి తెలియదు. ముక్కలు, బచ్చలాకు కలిపి ఉడికించి పప్పుగుత్తితో ఒకటి రెండు సార్లు మెదిపి, చింతపండు గుజ్జు, ఉప్పు, పసుపు వేసి దగ్గర పడనిచ్చారు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు పడింది. అప్పటికే తినెయ్యొచ్చు అన్నంత బాగుంది. "ఇంకా కూర అవలేదు" అని పొయ్యి కట్టేసి రోలు ముందు కూర్చున్నారు.

రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి, నాలుగు రాళ్ళ ఉప్పు. ముందు పొడిగా నూరారు. వంగి చూస్తున్న నాకు ఏ వాసనా రాలేదు. వేళ్ళతో కాసిని నీళ్ళు చిలకరించి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టగానే ముక్కు లోపలి దాకా జివ్వుమని తాకింది. కళ్ళలో నీళ్ళు. గుమ్మం దగ్గర నిలబడిన హైదరాబాద్ అబ్బాయి కూడా వెనక్కి జరిగాడు. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. గింజ చితికి, నీళ్ళు తగిలినప్పుడు దాన్లోని ఎంజైమ్ పనిచేసి అప్పటికప్పుడు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోతుంది. పిన్నిగారి మాటలో అయితే "పొయ్యి మీద ఆవ పెడితే ఘాటు పోయి చేదు మిగులుతుంది." అందుకే కూర గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, ముద్దలో ఒక చెంచా పచ్చి నూనె కలిపి, కూరలో వేసి అడుగు నుంచి పైకి కలిపారు. మూత పెట్టి పావుగంట ముట్టుకోనివ్వలేదు.

ఈలోగా బెల్లం పులుసు. గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, ఉల్లిపాయలు పెద్ద పెద్ద ముక్కలుగా ఉడుకుతుంటే చింతపండు రసం, పసుపు, చీల్చిన మిర్చి, ఆ తర్వాత బెల్లం. పులుపు, తీపి రెండూ నాలుక మీద ఒకేసారి తెలియాలి, ఒకటి ముందు ఒకటి వెనక రాకూడదని మా ఇద్దరి చేతా రుచి చూపిస్తూ సరిచేశారు. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కదనం వచ్చింది. మెంతులు, ఆవాలు, ఇంగువ తాలింపు. ఇది ముద్దపప్పు అన్నంలోకి. తీపి పులుసంటే సందేహంగా చూసిన అక్క, రెండోసారి అడిగి మరీ వేయించుకుంది.

కంద బచ్చలి మొదటి ముద్దలో కంద కమ్మదనం, చింతపండు పులుపు తెలిశాయి. మింగాక ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి వెంటనే దిగిపోయింది. మా కారం నాలుక మీదే కూర్చుంటుంది. ఇది అలా కూర్చోదు, అందుకే ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది.

ఇంత మంచి కూర హోటళ్ళలో ఎందుకు దొరకదో నాకు అప్పుడు స్పష్టమైంది. పొద్దున వండి రాత్రి దాకా వేడి చేస్తూ వడ్డించే పద్ధతికి ఇది లొంగదు. మళ్ళీ వేడి చేస్తే ఘాటు పోయి చేదెక్కుతుంది, అలాగే ఉంచినా పూట గడిచేసరికి పదును తగ్గుతుంది. కలిపిన పూటే తినాలి. అంటే ఇంట్లో మాత్రమే బతికే వంట ఇది. విశాఖలో ఎన్ని హోటళ్ళు తిరిగినా ఉత్తరాంధ్ర వంట కనబడకపోవడానికి ఆ ఊరివాళ్ళు తమ వంటను చిన్నచూపు చూడడమే కారణమని కొందరు అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. పిన్నిగారి ఇంట్లో ఆవ రోలు అటక మీద లేదు, పొయ్యి పక్కనే ఉంది.

రాత్రి భోజనం గదిలోనే, పళ్ళు మాత్రం తిన్నాం.

ఆదివారం

క్లాసు లేదు. భీమిలి రోడ్డులో తొట్లకొండకి వెళ్ళాం. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న బౌద్ధ విహారం ఇది. నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. 1988 నుంచి 1993 వరకు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి.

స్తూపం చుట్టూ అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. మేం వెతుక్కుంటూ వెళ్ళింది ఈశాన్యం వైపున్న వంటశాల దగ్గరికి. దాని పక్కనే సామాన్ల కొట్టు, ఆ పక్కన భోజనశాల. ఇటుక, రాతి పునాదులే మిగిలాయి గానీ అమరిక స్పష్టంగా తెలుస్తోంది: కొట్టులోంచి వంటకి, వంట లోంచి వడ్డనకి. సుమారు 2000 ఏళ్ళ కింద ఇక్కడ భిక్షువులకి ఏం వండేవారో రాళ్ళు చెప్పవు. కానీ ఇంతమందికి వండి పెట్టడానికి గదుల్ని ఇంత శ్రద్ధగా కట్టిన మనిషి ఎవరో, వంట తెలిసినవాడే అయ్యుండాలి. ఈ మూల దగ్గర ఒక మంచి బోర్డు, నాలుగు వివరాలు పెడితే ఎంత బాగుంటుంది! స్తూపానికి ఇచ్చే గౌరవంలో పిసరంత వంటశాలకీ దక్కాలి.

మధ్యాహ్నం పిన్నిగారింటికి రమ్మన్నారు, శుక్రవారం దాచిన పులుసు కోసం. ఫ్రిజ్‌లోంచి తీసి సన్నటి సెగ మీద వెచ్చబెట్టారు. ముక్క లోపలి దాకా పులుపూ ఉప్పూ పట్టి, పులుసు ఇంకాస్త చిక్కబడి ఉంది. ఆవ కూర నిలవ ఉంటే పాడవుతుంది, చేపల పులుసు నిలవ ఉంటే బాగుపడుతుంది. ఏది ఎప్పుడు తినాలో తెలియడం కూడా పాఠంలో భాగమేనని ఆవిడ ఉద్దేశం. భోజనం చివర్లో మాడుగుల హల్వా పెట్టారు. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి నేతిలో చేసే ఈ హల్వా ఇంట్లో చెయ్యబోరట. "అది వాళ్ళ చేతి పని. కొనుక్కుని తినడమే మర్యాద" అన్నారు.

సోమవారం

సాయంత్రం రైలు. పొద్దున అక్క ఒక్కతే కైలాసగిరి వెళ్ళొచ్చింది. నేను గదిలో కూర్చుని ఇదంతా రాసుకున్నాను.

విశాఖే కాదు, ఏ ఊరు వెళ్ళినా ఇలా నేర్చుకుందామనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. పదిమందిని ఒక హాల్లో నిలబెట్టి వండి చూపించే క్లాసుల కంటే, నలుగురికి మించని ఇంటి క్లాసు మేలు. డబ్బులు కట్టే ముందే మూడు ప్రశ్నలు అడగండి: బజారుకి తీసుకెళ్తారా, మా చేత చేయిస్తారా, సరుకుల ఖర్చు అందులోనే కలిసి ఉందా. ఎన్ని వంటకాలు నేర్పుతారని అడగొద్దు. పూటకి రెండు చాలు. కారం ఎంత తింటారో, ఏది పడదో ముందే చెప్పండి. ఆవ, వేరుశనగ, చేప, రొయ్య లాంటివి కొందరికి ఎలర్జీ. ఇంట్లో వాళ్ళ వారం నియమాలుంటాయి, కాబట్టి నీచు వంట ఏ రోజు కుదురుతుందో కనుక్కుని టికెట్లు తీసుకోండి.

బయల్దేరేముందు పిన్నిగారు ఎండావకాయ జాడీ మూత తీసి చూపించారు. ఉప్పు, కారం, ఆవపిండి పట్టించిన మామిడి ముక్కల్ని ఎండలో ఎండబెట్టి పెట్టే ఆవకాయ. తడి లేదు, ముక్క నమిలితే సాగుతుంది. అది నేర్చుకోవాలంటే మామిడికాయ ముదిరి, ఎండ మండే రోజుల్లోనే రావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కాబట్టి అప్పుడు హార్బర్‌లో పెద్దగా పని కూడా ఉండదు, పొద్దస్తమానం మేడ మీదే గడపొచ్చన్నారు. "టోపీ తెచ్చుకోండి, ముక్కలు తిరగెయ్యాల్సింది మీరే" అని కూడా చెప్పారు. అక్క రైల్లోనే సెలవుల లెక్క తీసింది. మే మొదటి వారానికి టికెట్లు చూస్తున్నాం.